నిన్న పడిన చేప ఇవాళ పడాలంటే: మిలాక్స్ సరస్సు మీద మారే వాతావరణంలో స్మాల్‌మౌత్ బాస్ వేట

మేపుల్ గ్రోవ్ గుడి పార్కింగ్‌లోనో, ఎవరింట్లోనో పుట్టినరోజు భోజనాల దగ్గరో, కొన్నేళ్లుగా మినియాపొలిస్ చుట్టుపక్కల మనవాళ్లు నన్ను అడిగేది ఒకటే. "అన్నా, శనివారం మిలాక్స్‌లో చేపలు వరసపెట్టి పడ్డాయి. ఆదివారం అదే పడవ, అదే చోటు, అదే ఎర. ఒక్కటీ ముట్టలేదు. ఏం తప్పు చేశాం?"

శనివారం రాత్రి ఉరుములతో వాన పడి, తెల్లారేసరికి గాలి వాయవ్యానికి తిరిగింది. చేప చోటు మార్చింది. మీరు మాత్రం శనివారం చేసిందే మళ్లీ చేశారు. మిన్నసోటా ఉత్తరపు సరస్సుల మీద ఒక్క రోజులోనే మూడు వాతావరణాలు చూడాల్సి వస్తుంది. అందుకే ఎర ఏది కొనాలన్న ప్రశ్న కన్నా, ఆకాశం చూసి ఏం మార్చాలన్నది ముందు తెలియాలి. స్నేహితులతో కలిసి వెళ్లేవాళ్లకు ఇందులో ఒక వెసులుబాటు ఉంది. ముగ్గురు మూడు రకాలుగా వేసి చూస్తే, ఒక్కడికి రోజంతా పట్టే జవాబు గంటలో దొరుకుతుంది.

మిలాక్స్ నాకు బాగా తెలిసిన సరస్సు కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకుంటున్నాను. రాసేది Mille Lacs అనే ఫ్రెంచి పేరు, వెయ్యి సరస్సులని అర్థం. ఇక్కడివాళ్లు పలికేది మిలాక్స్ అనే. మినియాపొలిస్ నుంచి 169 హైవే మీద ఉత్తరంగా సుమారు 100 మైళ్లు. వైశాల్యం 1,32,000 ఎకరాల పైమాటే అయినా, ఎంత లోతైన చోటైనా 40 అడుగులకు కాస్త ఎక్కువ, అంతే. తాంబాళంలాంటి సరస్సు. గాలి లేస్తే అడ్డుకోవడానికి ఏమీ ఉండదు. అల చాలా తొందరగా పెరుగుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే కింద చెప్పే జాగ్రత్తలన్నీ ఎందుకో మీకే తెలుస్తుంది. వెర్మిలియన్, రైనీ లాంటి పై సరస్సులకు వెళ్లినా పద్ధతి ఇదే. అక్కడ దీవులు ఎక్కువ కాబట్టి గాలిచాటు సులువుగా దొరుకుతుంది.

చేపను గుర్తుపట్టడం

స్మాల్‌మౌత్ బాస్‌ది రాగి కలిసిన గోధుమరంగు ఒళ్లు, పక్కల నిలువు చారలు, చాలావాటికి ఎర్రటి కన్ను. నోరు మూసి చూస్తే పైదవడ చివర కన్ను దాటి వెనక్కి పోదు. దాని దాయాది లార్జ్‌మౌత్‌కు ఒంటి పొడవునా అడ్డంగా నల్లచార ఉంటుంది, దవడ కన్ను దాటుతుంది. లార్జ్‌మౌత్ నాచులో, కలువాకుల కింద ఉంటుంది. స్మాల్‌మౌత్ రాళ్ల మీద ఉంటుంది. దాని ముఖ్యాహారం రాళ్ల సందుల్లో తిరిగే క్రేఫిష్, అంటే రొయ్యలా ఉండి ముందు పట్టుకొమ్ములున్న జీవి. ఆ తర్వాత చిన్నచేపలు.

కావలసినవి

- లైసెన్సు. 16 ఏళ్లు నిండినవాళ్లకు ఉండాలి. డాలస్ నుంచి వచ్చిన స్నేహితుడైనా, హైదరాబాద్ నుంచి వచ్చిన నాన్నగారైనా గాలం చేతపట్టుకుంటే తీసుకోవాల్సిందే. బయటివాళ్లకు 24 గంటలది, 72 గంటలది దొరుకుతాయి. ఎండాకాలంలో ఒక్కొక్కరికి ఒక్క గాలమే.
- ఆ ఏడాది నియమాల పుస్తకం. రాష్ట్రపు సహజవనరుల శాఖ, అందరూ డీఎన్‌ఆర్ అనేది, ఉచితంగా ఇస్తుంది. మిలాక్స్‌కు ప్రత్యేక నియమాలుంటాయి, ఏడాదికోసారి మారుతుంటాయి కూడా. పోయినేడు చదివిందే చాలనుకోవద్దు.
- మనిషికి ఒక స్పిన్నింగ్ రాడ్, అంటే గాలపు కర్ర: 7 అడుగుల పొడవు, మీడియం బలం, కొస చురుగ్గా వంగేది. లైను చుట్టే 2500 సైజు రీలు. జడలా అల్లిన 10 పౌండ్ల బ్రెయిడ్ లైను, దాని చివర నీళ్లలో సరిగా కనిపించని 8 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లైను 6 నుంచి 10 అడుగులు. నీళ్లు తేటగా ఉంటాయి కాబట్టి బ్రెయిడ్‌ను నేరుగా ఎరకు కట్టొద్దు.
- ఐదు రకాల ఎరలు చాలు: పొట్టి రబ్బరు ఎరను చిన్న బరువున్న గాలానికి గుచ్చే నెడ్ రిగ్, లోపల బోలుగా ఉండే 3.5 అంగుళాల రబ్బరు ట్యూబు, బరువు కింద గాలం పైన ఉండే డ్రాప్‌షాట్ సామాను, రేకు గిర్రున తిరిగే అర ఔన్సు తెల్ల స్పిన్నర్‌బెయిట్, నీటిపైన తేలే టాప్‌వాటర్ ఎర. డబ్బుంటే ఆరోదిగా చిన్నచేప ఆకారంలో ఉండే జెర్క్‌బెయిట్. రబ్బరు ఎరలకు గ్రీన్ పంప్‌కిన్ అనే ముదురాకుపచ్చ రంగు కొనండి, క్రేఫిష్‌కు అదే దగ్గర.
- బరువులు టంగ్‌స్టన్‌వో ఉక్కువో కొనండి. సీసపు గుళ్లు మింగి లూన్ పక్షులు చస్తాయి. మిన్నసోటా రాష్ట్రపక్షి అదే.
- లైఫ్‌జాకెట్లు, మనిషికొకటి, ఒంటికి సరిపోయేవి. పదేళ్లలోపు పిల్లలు పడవ కదులుతున్నంతసేపూ వేసుకునే ఉండాలని చట్టం. 16 అడుగులు, ఆపైన ఉన్న పడవలో విసిరే తేలుడు దిండు ఒకటి అదనంగా ఉండాలి.
- రబ్బరు వలున్న చిక్కం, పొడవు ముక్కు పట్టకారు, తీగ తెంచే కట్టర్, పోలరైజ్డ్ కళ్లద్దాలు, నీటి వేడి కొలిచే థర్మామీటరు.
- వానకోటు, ఉన్ని టోపీ, జిప్‌లాక్ సంచిలో ఒక జత పొడిబట్టలు. జూన్‌లో కూడా.
- భోజనం: పులిహోర, ఫ్లాస్కులో టీ. పెరుగన్నం ఐసుపెట్టెలో పెట్టండి.

పడవ లేకపోతే సరస్సు చుట్టూ ఉన్న రిసార్టులు అద్దెకిస్తాయి. ఆరుగురు వెళ్తే రెండు పడవలు తీసుకోండి. ఒకే పడవలో నలుగురు గాలాలు విసిరితే ఎవరో ఒకరి చెవికి తగులుతుంది. ఇంకో మాట, 2025 జులై నుంచి మోటారు పడవ నడిపే యువకులకు రాష్ట్రం పర్మిట్ తప్పనిసరి చేసింది, ఏటా వయసు పరిధి పెంచుకుంటూ పోతోంది. పుట్టిన సంవత్సరం చూసుకుని ముందే ఆన్‌లైన్ కోర్సు పూర్తిచేయండి.

1. మూడు రోజుల ముందు నుంచీ గాలిని చూడండి

ఫోనులో సూర్యుడి బొమ్మ, మబ్బు బొమ్మ చూసి నిర్ణయించుకోవద్దు. నేషనల్ వెదర్ సర్వీస్ సైటులో మీరు వెళ్లే ఊరికి గంటల వారీ పట్టిక ఉంటుంది. మిలాక్స్‌కైతే గ్యారిసన్ అనో ఐల్ అనో కొట్టండి. అందులో మూడే చూడండి: గాలి వేగం, గాలి దిక్కు, ఉరుముల అవకాశం ఏ గంటకు మొదలవుతుంది. వాయుపీడనం తగ్గుతోందా పెరుగుతోందా అన్నది విడిగా చూడండి.

ఇక్కడ వాతావరణం మారే తీరు చాలాసార్లు ఒకటే. ముందు దక్షిణం నుంచో ఆగ్నేయం నుంచో వెచ్చటి, తేమగాలి వీస్తుంది. మబ్బు కమ్ముతుంది, పీడనం పడిపోతుంది. ఆ తర్వాత ఉరుముల వాన. అది దాటగానే గాలి వాయవ్యానికి తిరిగి, చలి పెరిగి, ఆకాశం కడిగినట్టు తేటపడుతుంది. పట్టికలో గాలి దిక్కు దక్షిణం నుంచి వాయవ్యానికి మారే గంటను కాగితం మీద రాసుకోండి. మీ రోజంతా ఆ గంట చుట్టే తిరుగుతుంది.

నా హద్దు: గాలి గంటకు 15 మైళ్లు దాటుతుందని ఉంటే 16, 17 అడుగుల పడవతో మిలాక్స్ నడిమధ్యకు వెళ్లను. కొత్తవాళ్లయితే 10 దగ్గరే ఆగండి.

ప్రత్యామ్నాయం: గాలి ఎక్కువని తేలితే ప్రయాణం మానక్కర్లేదు, నీళ్లు మార్చండి. సెయింట్ క్లౌడ్ నుంచి కూన్ ర్యాపిడ్స్ దాకా మిసిసిపీ నది స్మాల్‌మౌత్‌కు పేరున్న చోటు. సరస్సు మీద అల ఎగసే రోజున కూడా చెట్ల చాటున నది నిమ్మళంగా ఉంటుంది. అక్కడి నియమాలు వేరు, మళ్లీ పుస్తకం చూడండి.

2. పడవెక్కకముందే ఎవరి పని ఏదో తేల్చుకోండి

ఒకరు పడవ నడపాలి, ఒకరు ఆకాశం చూడాలి, ఒకరు చిక్కం పట్టాలి. మధ్యాహ్నం మార్చుకోవచ్చు. ఆకాశం చూసేవాడి పని అన్నిటికన్నా పెద్దది, ఎందుకంటే చేపలు పడుతున్నప్పుడు మిగతావాళ్లెవరూ తలెత్తి చూడరు.

ఒక నియమం ఒడ్డునే ఒప్పుకోండి: ఎవరు "వెనక్కి పోదాం" అన్నా పోవాలి. వాదన ఉండకూడదు, "ఇంకొక్క వేటు బావా" అనకూడదు. ఈత రానివాళ్లు మన గుంపుల్లో ఎప్పుడూ ఒకరిద్దరుంటారు. నలుగురి మధ్య భయమేస్తోందని చెప్పడానికి మొహమాటపడతారు. ఈ నియమం వాళ్ల కోసం. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి మెసేజ్ పెట్టి కదలండి.

3. ముడి, డ్రాగ్ ముందురోజు రాత్రే పరీక్షించండి

తప్పిపోయిన పెద్దచేపల్లో సగం ఇక్కడే తప్పిపోతాయి. ఎరకు పాలోమర్ ముడి వేయండి: లైను మడిచి జంటగా గాలం కంటిలోంచి దూర్చి, మామూలు వదులు ముడి వేసి, ఆ ఉచ్చులోంచి గాలాన్ని దాటించి, ఉమ్మితో తడిపి బిగించాలి. తడపకుండా లాగితే ఒరిపిడి వేడికి ఫ్లోరోకార్బన్ బలం పోతుంది. బ్రెయిడ్‌కు ఫ్లోరోకార్బన్ కలపడానికి డబుల్ యూని ముడి చాలు.

పరీక్ష: గాలం కొసను చెక్కకు తగిలించి, చేతికి గుడ్డ చుట్టుకుని గట్టిగా లాగండి. జారినా, తెగినా మళ్లీ వేయండి. డ్రాగ్ అంటే చేప లాగితే రీలు లైను వదిలే బిగువు, దాన్ని కొలవడానికి చేతి తక్కెడ వాడండి. 8 పౌండ్ల లైనుకు 2, 2.5 పౌండ్ల లాగుడుకే రీలు లైను వదలాలి. అంతకన్నా బిగిస్తే చేప ఎగిరినప్పుడు తెగుతుంది.

4. నీళ్లలో దిగేముందు ఒడ్డున ఐదు నిమిషాలు నిలబడండి

గాలి మీ మొహానికి కొడుతోందా, వీపుకు కొడుతోందా? మొహానికి కొడుతుంటే అల ఒడ్డుకే వస్తోంది. దిగడం కష్టం, కానీ ఇంజను ఆగిపోయినా గాలి మిమ్మల్ని ఒడ్డుకు తోస్తుంది. వీపుకు కొడుతుంటే నీళ్లు అద్దంలా కనిపిస్తాయి. మోసం అక్కడే ఉంది.

మా మొదటి ఏడాది పడమటొడ్డున దిగాం. వెనక చెట్లు, ముందు నిశ్చలంగా నీళ్లు. అందరం సంబరపడిపోయాం. రెండు మైళ్లు లోపలికి వెళ్లేసరికి చెట్ల చాటు పోయి, పడమటిగాలి లేపిన అల మూడడుగులైంది. వెళ్లడానికి పది నిమిషాలు పట్టిన దూరం తిరిగిరావడానికి గంట పట్టింది. ప్రతి అలా పడవ ముక్కు మీంచి లోపల పడింది. ఒకరు డబ్బాతో నీళ్లు తోడుతూనే ఉన్నారు. ఆ రోజు నుంచి గాలి వీపుకు కొడుతుంటే ఒడ్డుకు అరమైలు దాటను.

అలకు ఎదురెళ్లాల్సి వస్తే నేరుగా కాక కాస్త ఏటవాలుగా, నెమ్మదిగా నడపండి. పక్కమీద అల పడనివ్వొద్దు. బరువులన్నీ పడవ మధ్యలో, కిందికి ఉండాలి. లంగరు ఎప్పుడూ ముక్కు దగ్గరే కట్టండి. వెనక కడితే అల ఇంజను వైపునుంచి ఎక్కి పడవను ముంచుతుంది. తాడు లోతుకు ఐదింతలైనా ఉండాలి.

5. రాళ్లు వెతకండి

మ్యాపులో, నీటి అడుగును చూపే సోనార్‌లో మూడు చోట్లు వెతకండి: నీళ్లలోకి పొడుచుకొచ్చిన రాతి ముక్కులు, చుట్టూ లోతుండి మధ్యలో లేచిన రాళ్లదిబ్బలు, ఇసుక అయిపోయి రాళ్లు మొదలయ్యే అంచు. మూడోదాన్ని చాలామంది దాటి వెళ్లిపోతారు, నాకు మాత్రం అక్కడ చాలా చేపలు పడ్డాయి. ఒంటరిగా పడున్న పెద్దబండ, చుట్టూ ఇసుక ఉంటే ఇంకా మంచిది.

సోనార్ లేకపోతే ట్యూబును అడుగున ఈడ్చండి. టక్ టక్‌మని తగిలితే రాయి, మెత్తగా జారితే ఇసుక, బరువుగా సాగితే నాచు. పది నిమిషాల్లో వేళ్లకు తెలిసిపోతుంది.

హెచ్చరిక: మే చివర నుంచి జూన్ మధ్య వరకు, నీళ్లు 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరున్నప్పుడు, లోతు తక్కువ నీళ్లలో గులకరాళ్ల మీద శుభ్రంగా ఊడ్చిన గుండ్రటి గుంటలు కనిపిస్తాయి. అవి గూళ్లు. కాపలా ఉన్నది మగచేప. దాన్ని పట్టి పైకి తీస్తే ఆ నిమిషంలోనే చిన్నచేపలు గుడ్లు తినేస్తాయి. గూడు కనిపిస్తే పడవ తిప్పేయండి.

6. ఆకాశాన్ని బట్టి ఎర, లోతు, వేగం మార్చండి

అందరూ అడిగేదానికి జవాబు ఈ మెట్టులోనే ఉంది, కాస్త నిదానంగా చదవండి.

*వాన రాబోతున్నప్పుడు.* దక్షిణపు గాలి, ఉక్క, మబ్బు చిక్కబడుతోంది. చేపలు 4 నుంచి 10 అడుగుల లోతుకొచ్చి వెంటపడి తింటాయి. స్పిన్నర్‌బెయిట్ విసిరి వేగంగా చుట్టండి. జెర్క్‌బెయిట్ అయితే రెండు గుంజుళ్లు, ఒక ఆగుడు. రోజు మొత్తంలో మంచి గంటలివే. కానీ ఇవి పిడుగుతో ముగిసే గంటలు కూడా. ఆకాశం చూసేవాడు ఇప్పుడు గాలం కిందపెట్టి కూర్చోవాలి.

*ఉరుములు లేని ముసురు.* సన్నటి చినుకు, మసక వెలుగు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన రోజు ఇదే. టాప్‌వాటర్ ఎరను మధ్యాహ్నం కూడా వేయొచ్చు. నీళ్లు చిట్లి చేప పైకి రాగానే చెయ్యి దానంతటదే గుంజుతుంది, ఆపుకోండి. చేప బరువు కర్రకు తెలిసేదాకా ఒకటి, రెండు అని లెక్కపెట్టి అప్పుడు లాగండి.

*ఎండ, గాలి కలిసిన రోజు.* అల వెళ్లి కొట్టుకునే రాతి ముక్కులకు వెళ్లండి. గాలిచాటున హాయిగా కూర్చుంటే చేపలు పడవు. గాలి తోసుకొచ్చిన చిన్నచేపలు ఆ రాళ్ల దగ్గరే చేరతాయి. అల వల్ల వెలుగు చెదిరి మీ పడవ కూడా చేపకు సరిగా కనిపించదు. ఎరను గాలి వీచే దిశలోనే రానివ్వండి. పడవ కొట్టుకుపోతుంటే నీళ్లలో వదిలే గొడుగులాంటి డ్రిఫ్ట్ సాక్ కట్టండి, వేగం సగానికి తగ్గుతుంది. ఇది హద్దులోపల గాలి ఉన్నప్పుడు మాత్రమే.

*వాన వెళ్లాక తేటపడిన రోజు.* మీ ఆదివారం ఇదే. నీలాకాశం, వాయవ్యపు చలిగాలి, పీడనం ఎక్కువ. ఫొటోలకు అందమైన రోజు, గాలానికి కష్టమైన రోజు. చేప ఎక్కడికీ పారిపోలేదు. నిన్న 6 అడుగుల్లో వేటాడింది ఇవాళ పక్కనే 15 నుంచి 25 అడుగుల్లో బండను అంటుకుని పడుకుంది. దగ్గరికొస్తే తింటుంది, వెంటపడదు. కాబట్టి:

- నిన్నటి చోటును వదలకుండా, అక్కడినుంచి లోతు వైపు జరగండి.
- నెడ్ రిగ్ వేసి అడుగు తాకాక పది అంకెలు లెక్కపెట్టండి. కర్రను ఒక జానెడు కదిపి మళ్లీ ఆగండి. చాలా నెమ్మదిగా చేస్తున్నామని మీకు అనిపించినప్పుడు వేగం సరిగ్గా ఉన్నట్టు.
- అదీ కుదరకపోతే డ్రాప్‌షాట్. బరువు అడుగున, గాలం దానికి 12 నుంచి 18 అంగుళాల పైన. లైను బిగువుగా పట్టి ఎరను వణికించండి, బరువు మాత్రం కదలకూడదు.
- పొద్దున ఐదింటికి లేవకండి. ఎండకు నీళ్లు కాస్త వేడెక్కాక, మధ్యాహ్నం రెండు తర్వాత మేలు.

*గాలి లేని, అద్దంలాంటి నీళ్లు.* 2005లో మిలాక్స్‌లో జీబ్రా మస్సెల్స్ అనే చారల చిన్న గుల్లజీవులు కనిపించాయి. అవి నీళ్లను వడకట్టేస్తాయి కాబట్టి నీళ్లు బాగా తేటగా ఉంటాయి. ఇలాంటి రోజు చేప మిమ్మల్ని ముందే చూస్తుంది. ఇంజను దూరంగానే ఆపి, నిలబడకుండా కూర్చుని, వీలైనంత దూరం విసరండి. పడవ అడుగున డబ్బాలు పడేయొద్దు. తెల్లవారుజామున, పొద్దుగుంకే వేళ టాప్‌వాటర్ వేయండి.

పిల్లలకు, మొదటిసారి వచ్చినవాళ్లకు వీటన్నిటికీ బదులు ఒకటుంది: బెండు, చిన్న గాలం, జలగ. బెయిట్ షాపులో డజన్ల లెక్కన అమ్ముతారు. బెండు జారే రకం పెట్టి, సరస్సు నేలకు అడుగున్నర పైన జలగ వేలాడేలా కట్టండి. అమ్మానాన్నలు వచ్చినప్పుడు మేం ఇదే వేస్తాం, ఏ వాతావరణంలోనూ వాళ్లు ఖాళీగా కూర్చోలేదు.

7. ముగ్గురూ మూడు రకాలుగా మొదలుపెట్టండి

ఒకరు లోతు తక్కువలో వేగంగా, ఒకరు మధ్యలో, ఒకరు అడుగున నెమ్మదిగా. ఒక చేప పడగానే అందరూ ఆ ఎరకు మారిపోవద్దు. ఒకటి కాకతాళీయం కావచ్చు, అదే పద్ధతిలో రెండోది పడితే ఆకాశం జవాబు చెప్పినట్టే. అప్పుడు ఇంకొకరు మారండి. మూడోవారు వెతుకుతూనే ఉండాలి, ఎందుకంటే రెండు గంటల్లో మళ్లీ గాలి తిరుగుతుంది.

ఒక చోట 20 నిమిషాల్లో తాకుడే లేకపోతే ముందు లోతు మార్చండి, తర్వాత వేగం, చివరికే ఎర. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. డబ్బాలోని ఎరలన్నీ ఒకే తప్పుడు లోతులో వేసి అలసిపోతారు.

విసిరేముందు ప్రతిసారీ వెనక్కి చూసి "వేస్తున్నా" అని గట్టిగా అనండి. అందరూ కళ్లద్దాలు పెట్టుకునే ఉండాలి. గాలం కంటి దగ్గర గుచ్చుకుంటే లాగే ప్రయత్నం చేయొద్దు. లైను తెంచి, కదలకుండా గుడ్డ కట్టి, నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

8. తాకుడు, లాగుడు, ఒడ్డుకు చేర్చడం

నెడ్, ట్యూబుల మీద స్మాల్‌మౌత్ తాకుడు గట్టిగా ఉంటుందని ఎదురుచూస్తారు. చాలాసార్లు లైను పక్కకు జరుగుతుంది, లేదా ఎర ఉన్నట్టుండి బరువెక్కుతుంది, లేదా అడుగు తాకాల్సిన సమయానికి తాకదు. మూడూ చేపే. నెడ్ గాలం సన్నది కాబట్టి పైకి బలంగా గుంజొద్దు. వదులు చుట్టేసి, కర్రను పక్కకు తిప్పుతూ లాగండి.

తగలగానే చేప నీళ్లలోంచి ఎగురుతుంది. అప్పుడు కర్ర కొసను నీళ్ల దగ్గరికి దించి పక్కకు పట్టండి, లైను వదులు కానివ్వొద్దు. పడవ దగ్గరికొచ్చాక ఒకసారి, రెండుసార్లు కిందికి దూకుతుంది, డ్రాగ్‌ను లైను వదలనివ్వండి. చిక్కం పట్టినవాడు దాన్ని చేప వెంట నీళ్లలో తోయకూడదు. చిక్కం ముంచి ఉంచితే, గాలం పట్టినవాడు తల ముందుగా దానిమీదికి నడిపించాలి.

ప్రతి చేప తర్వాత, ఎర పైనున్న రెండడుగుల లైనును వేళ్ల మధ్య జరిపి చూడండి. గరుకు తగిలితే తెంచి కొత్త ముడి వేయండి. రాళ్ల మీద వేటలో దీన్ని వాయిదా వేయొద్దు.

9. పట్టుకోవడం, వదలడం

చేతులు తడిపి పట్టుకోండి. పొడి చేతులు, పడవలో పరిచిన తివాచీ చేప ఒంటి జిగురును తుడిచేస్తాయి. కిందిదవడ ఒక చేత్తో, పొట్ట కింద రెండో చెయ్యి. ఫొటో తీసేవాడు ఫోను సిద్ధం చేసుకున్నాకే చిక్కంలోంచి పైకి తీయండి. మీరు ఊపిరి బిగబట్టగలిగినంతసేపే అది బయట ఉండాలి. కొలిచేటప్పుడు నోరు మూసి, తోక కొసలు దగ్గరికి నొక్కి చూడండి. నీళ్లలో పెట్టాక అదంతట అదే చేతిలోంచి తోసుకుని పోవాలి. పక్కకు ఒరిగితే మళ్లీ నిలబెట్టి ఆగండి.

30 అడుగులకన్నా లోతులో వదిలిపెట్టే చేపల కోసం వేటాడొద్దు. ఆ లోతు నుంచి పైకొస్తే గాలితిత్తి ఉబ్బి కిందికి పోలేక నీటిపైనే తేలిపోతుంది.

"పులుసు పెట్టొచ్చా?" అని అందరూ అడుగుతారు. నియమాలు ఒప్పుకున్న కాలంలో, ఒప్పుకున్న కొలతల్లో ఉంచుకోవచ్చు. శరదృతువులో మిన్నసోటా అంతటా స్మాల్‌మౌత్‌ను వదిలేయాల్సిందే, తేదీ పుస్తకంలో ఉంటుంది. అయితే నా మాట వినండి. ఈ చల్లటి నీళ్లలో 20 అంగుళాల చేప అంటే చాలాసార్లు పదేళ్లు పైబడినది. పెద్దచేపల్లో పాదరసం కూడా ఎక్కువ చేరుతుంది. పులుసుకు సన్‌ఫిష్ తెచ్చుకోండి, ముల్లు తీసి చింతపండు పులుసులో వేస్తే ఇంట్లోవాళ్లు రెండోసారి వడ్డించుకుంటారు.

10. ఉరుము వినిపిస్తే

దూరంగా అయినా, ఒక్కటే అయినా, గాలాలు చుట్టేయండి. మెరుపుకూ ఉరుముకూ మధ్య ఐదు సెకన్లంటే పిడుగు ఒక మైలు దూరంలో ఉన్నట్టు. కానీ లెక్కపెడుతూ కూర్చోవద్దు, తెరిచి ఉన్న పడవలో సురక్షితమైన మూల ఏదీ లేదు. ఒడ్డుకు చేరి కారులో కూర్చుని అద్దాలు ఎత్తండి, చెట్టుకింద నిలబడొద్దు. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాకే మళ్లీ నీళ్లలోకి. ఒడ్డు అందకపోతే కర్రలన్నీ పడుకోబెట్టి, పడవ మధ్యలో కిందికి కూర్చుని, లోహాన్ని తాకకుండా ఉండండి.

ఫోను సిగ్నల్ పోయే పై సరస్సులకు వెళ్లేవాళ్లు 162 మెగాహెర్ట్జ్ వాతావరణ రేడియో ఒకటి కొనుక్కోండి. పడమర దిక్కున మబ్బు అంచు నల్లగా, గీత గీసినట్టు కనిపించి, వెచ్చటి గాలి ఒక్కసారిగా ఆగిపోతే రేడియో చెప్పేదాకా ఆగక్కర్లేదు.

ఫలితం సరిచూసుకోవడం

ఇంటికెళ్లే దారిలో, కారులో ఎవరో ఒకరు ఐదు వివరాలు రాయండి: నీటి వేడి, గాలి దిక్కు, ఆకాశం, చేప పడిన లోతు, ఎర వేగం. చేపల సంఖ్య కన్నా ఇవి ముఖ్యం. నాలుగు ప్రయాణాలు రాశాక వరసగా చదవండి. చేపలు ముట్టని రోజుల్లో మీరు ఏ లోతులో వేశారో చూడండి. నా పుస్తకంలో మొదటి రెండేళ్ల ఖాళీ రోజులు దాదాపు అన్నీ వాయవ్యపు గాలి రోజులే, అన్నిట్లోనూ నేను 8 అడుగులు దాటి లోతుకు పోలేదు.

తాకుళ్లుండి చేపలు పడకపోతే గాలం మొద్దుబారింది. గోటిమీద ఆనిస్తే గీరుకోవాలి, జారితే మార్చండి. చేపలు తగిలి మధ్యలో ఊడిపోతుంటే లైను వదులవుతోంది. లైను తెగుతుంటే డ్రాగో, గరుకు పడిన లైనో. చేప వెంటవచ్చి ఎర దగ్గర ఆగిపోతుంటే ఎర కాస్త చిన్నది చేయండి.

11. వెళ్లేముందు పడవ కడగండి

జీబ్రా మస్సెల్స్ ఇంకో సరస్సుకు చేరేది మన పడవల మీదే. నాచు ముక్కలన్నీ చేత్తో తీసేయండి. పడవలోని నీళ్లు, ఎర డబ్బాలోని నీళ్లు అక్కడే పారబోయండి. మిగిలిన జలగల్ని సరస్సులో వదలొద్దు, చెత్తబుట్టలో వేయండి. ఉంచుకోవాలనుకుంటే ఇంటినుంచి తెచ్చిన మంచినీళ్లు పోయండి. పడవ అడుగు బిరడా తీసేసి, దారి పొడవునా తీసే ఉంచాలని చట్టం.

ఆ బిరడాను కారు తాళంచెవుల గుత్తికి తగిలించండి. మళ్లీ వచ్చే వారం పడవ నీళ్లలోకి దించేముందు తాళం చేతిలోకి తీసుకోగానే అది కనబడుతుంది, ముందు దాన్ని బిగించి అప్పుడు దించండి.